మేస్త్రి అడిగిన ప్రశ్న

2024 మే నెల. అమీర్‌పేటలో మేముండే అపార్ట్‌మెంటులో బాత్‌రూము టైల్స్ మార్పిస్తున్నాను. నాది వర్క్ ఫ్రం హోం. ఒక పక్క మీటింగులో మ్యూట్ పెట్టుకుని నేను, ఇంకో పక్క కట్టర్ మిషను గోల. మధ్యాహ్నం టీ ఇస్తే మేస్త్రి గ్లాసు పట్టుకుని మెల్లగా అడిగాడు.

"సార్, మీరు నెట్టుల అన్నీ జూస్తరు గదా. ఇజ్రాయిల్ పోతే ఎట్లుంటది?"

నెలకి లక్షా ముప్పై ఏడు వేలంట. హైదరాబాదులోనే సెలక్షన్లు పెడుతున్నారంట. అది నిజమే. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆ నెలలో జరిపిన సెలక్షన్లలో 900 మందికి పైగా ఎంపికయ్యారు. ప్లాస్టరింగు, టైల్స్, ఇనుము వంచడం, కార్పెంటరీ పనులకి. మనకంటే ముందు హర్యానా, ఉత్తరప్రదేశ్‌లలో కూడా జరిగాయి.

మేస్త్రిది పాలమూరు వైపు. రోజుకి 1,200 వస్తుంది, నెలలో పాతిక రోజులు పని దొరికితే ముప్పై వేలు. కూతురి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా ఉంది. ఇక్కడ నాలుగున్నర నెలల సంపాదన అక్కడ ఒక్క నెలలో వస్తుందంటే ఎవరికి మాత్రం ఆశ పుట్టదు?

యుద్ధం గురించి చెప్పాను. అదే ఏడాది మార్చిలో ఉత్తర సరిహద్దు దగ్గర ఒక తోటలో పని చేస్తున్న కేరళ యువకుడు క్షిపణి పడి చనిపోయాడని చెప్పాను. అంతా విని ఒకటే అడిగాడు.

"అంత పైసలు ఎందుకిస్తున్నరు సార్? ఆడ మేస్త్రీలు లేరా?"

చూడండి, రెండు వారాలు పేపర్లో ఈ వార్తలు చదివి కూడా నాకు ఈ ప్రశ్న రాలేదు!

మేస్త్రీలు ఉన్నారు. రానివ్వట్లేదు.

2023 అక్టోబర్ 7కి ముందు వెస్ట్ బ్యాంకు నుంచి సుమారు లక్షన్నర మంది పాలస్తీనా వాళ్ళు ఇజ్రాయెల్‌లోకి, అక్కడి సెటిల్‌మెంట్లలోకి పనికి వెళ్ళేవాళ్ళు. అందులో సగానికి పైగా నిర్మాణం పనులే. గాజా నుంచి ఇంకో 18 వేల మంది దాకా. సొంతూళ్ళో వచ్చే కూలికి రెట్టింపు పైనే వచ్చేది కాబట్టి వెళ్ళేవాళ్ళు. కానీ ఎలా వెళ్ళేవాళ్ళో చూడండి. రాత్రి రెండింటికి లేవాలి. బెత్లెహేం దగ్గరో, ఖలందియా దగ్గరో చెక్‌పాయింటులో ఇనప చువ్వల మధ్య వేల మందితో పాటు క్యూ. పర్మిటు, వేలిముద్ర, తనిఖీ. ఏడింటికి సైటు మీద ఉండాలి కదా మరి! పర్మిటు ఒక యజమాని పేరు మీద ఉంటుంది. అది దొరకాలంటే చాలామంది బ్రోకరుకి నెలకి 2,000 షెకెళ్ళ పైనే కట్టేవాళ్ళు. అంటే సుమారు 45 వేల రూపాయలు, పని చేసే హక్కుకి కట్టే అద్దె!

అక్టోబర్ 7న హమాస్ దాడిలో 1,200 మంది దాకా చనిపోయారు. వాళ్ళలో పొలం పనికొచ్చిన థాయ్ కూలీలున్నారు, వ్యవసాయం నేర్చుకోవడానికొచ్చిన పదిమంది నేపాలీ కుర్రాళ్ళున్నారు. ఆ దాడిని నేను ఏ రకంగానూ సమర్థించను. కానీ మర్నాటి నుంచి, దాడితో ఏ సంబంధమూ లేని లక్షన్నర మంది పని ఆగిపోయింది. కొద్ది వేల మందిని తప్ప మళ్ళీ రానివ్వలేదు. గాజా నుంచి పనికొచ్చి ఆ రోజు ఇజ్రాయెల్‌లో ఉండిపోయిన వేలమందిని నిర్బంధించి, నవంబర్ 3న తిరిగి గాజాలోకి, బాంబుల కిందికి పంపేశారు. కొందరి కాళ్ళకి నంబర్లేసిన పట్టీలు ఉన్నాయి. ఆ గాజాలో యుద్ధం మృతులు 70 వేలు దాటారని అక్కడి ఆరోగ్యశాఖ లెక్క. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024 జూన్‌లో ఇచ్చిన లెక్కలో నిరుద్యోగం గాజాలో దాదాపు 79 శాతం, వెస్ట్ బ్యాంకులో 32 శాతం. పర్మిటు లేక, ఇంట్లో గడవక, నిచ్చెనలూ తాళ్ళూ వేసుకుని ఎనిమిది మీటర్ల గోడ ఎక్కి పనికి పోయేవాళ్ళున్నారు. అలా ఎక్కుతూ కాల్పుల్లో గాయపడ్డవాళ్ళు, కిందపడి పోయినవాళ్ళు కూడా ఉన్నారు.

పనికి పోవడం కోసం!

ఇదేం కొత్త కాదు. 1987 డిసెంబర్‌లో మొదటి ఇంతిఫాదా మొదలయ్యింది కూడా కూలీల దగ్గరే. పని ముగించుకుని గాజాకి తిరిగొస్తున్న వాళ్ళ వాహనాల్ని ఇజ్రాయెల్ సైన్యం ట్రక్కు గుద్ది నలుగురు చనిపోయారు. 1990లలో సరిహద్దులు మూసినప్పుడల్లా వాళ్ళ బదులు రొమేనియా, థాయ్‌లాండ్, చైనా నుంచి తెచ్చుకున్నారు. ఈసారి వంతు మనది. 2023 మేలోనే 42 వేల మందిని పంపే ఒప్పందం కుదిరింది. యుద్ధం వచ్చాక దానికి తొందర పెరిగింది.

మన గల్ఫ్ వాళ్ళకి ఇలాంటి కథ ఒకటి గుర్తుండాలి. 1990లో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేల మంది దాకా భారతీయుల్ని విమానాల్లో తీసుకొచ్చారు, చాలామందిని అమ్మాన్ మీదుగా. అందులో కడప వాళ్ళూ గోదావరి జిల్లాల వాళ్ళూ ఎందరో. యుద్ధం అయ్యాక మనవాళ్ళు మళ్ళీ వెళ్ళారు. అక్కడే ఉండిన సుమారు నాలుగు లక్షల మంది పాలస్తీనా వాళ్ళలో ఎక్కువమందికి మాత్రం తిరిగి చోటు లేదు. అరాఫత్ సద్దాం వైపు మాట్లాడాడు, శిక్ష టీచర్లకీ మెకానిక్కులకీ పడింది.

సరే, మేస్త్రికి ఇదంతా కాస్త క్లుప్తంగా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

"అంటే నా లెక్కనే టైల్స్ ఏసేటోడు ఆడ ఇంట్ల కూసున్నడా సార్?"

"అవును మేస్త్రీ."

"నేను పోకపోతే ఆయన్ని పిలుస్తరా?"

నా దగ్గర జవాబు లేదు. పిలవరు. బీహార్ నుంచో, శ్రీలంక నుంచో ఇంకొకడు వెళ్తాడు. 2023 నవంబర్‌లో ఏఐటీయూసీ, సీఐటీయూ లాంటి కార్మిక సంఘాలు మన కూలీల్ని అక్కడికి పంపొద్దని ప్రకటన ఇచ్చాయి. చదివి నేను కూడా కరెక్టే అనుకున్నాను. ఏసీ గదిలో కూర్చుని కరెక్టే అనుకోవడం సులువు. ఆ ప్రకటన మేస్త్రి అప్పు తీర్చదు కదా.

ఆయన్ని పోవద్దనడానికి నాకు నోరు రాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నేనూ మైత్రీవనం వెనక ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకుని బయల్దేరిన బాపతే. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా ఏ బోర్డు చూసినా ఏం చెప్తుంది? నేర్చుకో, బయటికి పో అనే కదా. 2009లో ఒక అమెరికా క్లయింటు దగ్గర ఆరు వారాలు కేటీ తీసుకున్నాను. ఇచ్చినాయన వయసు యాభై దాటింది. కేటీ పూర్తయిన రోజే ఆయన ఉద్యోగం ఆఖరు. ఆ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆఖరి రోజు తన నోట్‌బుక్కు నాకిచ్చి, నెలాఖరు బ్యాచ్ జాబు ఎక్కడ ఆగిపోతుందో ఇందులో రాశాను, జాగ్రత్త అన్నాడు. ఆ ఉద్యోగంతోనే మా నాన్న అప్పులు తీర్చాను.

రెండూ ఒకటని అనట్లేదు. ఆయనకి సెవరెన్స్ ఇచ్చారు, ఇంటి మీద బాంబులు పడలేదు, వాళ్ళ ఊరికీ ఆఫీసుకీ మధ్య గోడ లేదు. ఖాళీ సీటు అని మనం పిలిచేది ఎవరో ఒకరు లేచిన సీటు అని మాత్రం అప్పుడు తెలిసింది, తర్వాత మర్చిపోయాను. మేస్త్రి అడిగితే మళ్ళీ గుర్తొచ్చింది.

ఆయన వెళ్ళాడు. సెలక్షను, పాస్‌పోర్టు, ఎదురుచూపులు అన్నీ అయ్యి ఆ ఏడాది చివర్లో. ప్రభుత్వ ఒప్పందం కింద మన దేశం నుంచి వెళ్ళినవాళ్ళు 6 వేలు దాటారు, వాళ్ళలో ఈయనొకడు. 2025 జూన్‌లో ఇరాన్‌తో పన్నెండు రోజుల యుద్ధం జరిగినప్పుడు షెల్టరు లోంచి వాట్సాప్‌లో వాయిస్ మెసేజి పెట్టాడు. వెనక సైరన్ వినిపిస్తోంది. "మంచిగనే ఉన్న సార్, ఇంట్ల మాత్రం చెప్పకుండ్రి" అన్నాడు. అప్పు సగం పైనే తీరిందట.

ఈ మధ్య ఒక ఫొటో పంపాడు. 2023 అక్టోబర్‌లో ఆగిపోయి మళ్ళీ మొదలుపెట్టిన బిల్డింగట. ప్లాస్టరింగు అయిన గోడ, దాని మీద పెన్సిలుతో గీసిన అడ్డగీత, పక్కన అరబ్బీలో ఏదో రాసి అంకెలు. నేల నుంచి ఎంత ఎత్తులో మొదటి వరస టైలు రావాలో అంతకుముందు పనిచేసిన మేస్త్రి వేసుకున్న గుర్తు.

నాకు 2009 నోట్‌బుక్కు గుర్తొచ్చింది. ఇక్కడ ఇచ్చినాయనా పుచ్చుకున్నాయనా మొహాలు కూడా చూసుకోలేదు, అంతే.

ఫోన్ చేసి అడిగాను, ఆ గీతని ఏం చేశావు మేస్త్రీ అని.

"మల్ల కొలిసి జూసిన సార్. కరెక్టే ఉంది. దాని మీదికెల్లే ఏసిన."