ఎముకలు మింగే పక్షికి సీమంతం!

ఐదడుగుల ఎత్తు. బట్టతల, మెడ కింద వేలాడే తిత్తి, గునపంలాంటి ముక్కు. చచ్చిన పశువుల్నీ చెత్తకుప్పల్నీ వెతుక్కుని తింటుంది. అసోంలో దాని పేరు హర్గిలా. ఎముకలు మింగేదని అర్థం. గూటి కిందంతా కుళ్లిన మాంసం ముక్కలూ, రెట్టా, భరించలేని కంపూ! అలాంటి పక్షి పెరటి చెట్టుమీద కాపురం పెడితే ఎవరు మాత్రం ఊరుకుంటారు? కామరూప్ జిల్లా దదరా గ్రామంలో ఒకాయన ఊరుకోలేదు. 2007లో, గూళ్లున్న చెట్టునే కొట్టేశాడు. పిల్లలు నేలరాలాయి.

అదేమిటని నిలదీసింది పూర్ణిమాదేవి బర్మన్. ఆ పక్షుల మీదే పీహెచ్‌డీ చేస్తోందామె. ఊరివాళ్లు చుట్టూ చేరి ఎగతాళి చేశారు. అంత ప్రేముంటే వచ్చి పెరడు శుభ్రం చేయమన్నారు. వాళ్లను మాత్రం ఏమనగలం... చెట్టు వాళ్లది, కంపూ వాళ్లకే! కానీ ఇంటి దగ్గర ఆమెకూ కవల ఆడపిల్లలున్నారు, ఇంకా పసివాళ్లు. నేలమీద కొట్టుకుంటున్న ఆ పక్షిపిల్లలు కళ్లముందు నుంచి కదల్లేదు. పీహెచ్‌డీని పక్కన పెట్టేసింది. అది పూర్తయింది 2019లో.

మగవాళ్లతో వాదించి లాభం లేదనుకుందో ఏమో, ఆడవాళ్లను పోగుచేసింది. పిఠాల పోటీలు పెట్టింది. పిఠా అంటే అక్కడి బియ్యప్పిండి వంటకం. రుచుల కబుర్ల మధ్యలో పక్షి కబుర్లు. తర్వాత వచ్చింది అసలు ఆలోచన... నెలలు నిండే కోడలికి చేసినట్టే హర్గిలాకు సీమంతం! గూళ్లు కట్టే రోజుల్లో ఊరి ఆడవాళ్లంతా చేరి పాటలు పాడతారు. అపశకునం అని ఛీకొట్టిన పక్షి ఆడపడుచు అయిపోయింది. మగ్గాలమీద నేసే గమొసాల్లోకీ, చీరల్లోకీ ఆ బట్టతల బొమ్మే ఎక్కింది. అమ్మితే నాలుగు డబ్బులూ వస్తున్నాయి.

వీళ్లే హర్గిలా ఆర్మీ. పదివేల మందికి పైనే. గాలివానకు పిల్లలు జారిపడితే పట్టుకోవడానికి చెట్ల కింద వలలు కడతారు. దెబ్బ తగిలినవాటిని గువాహటి జూకు చేరుస్తారు. దదరా, పచారియా, సింగిమారీ గ్రామాల్లో ఒకప్పుడు 28 గూళ్లుండేవి. పూర్ణిమకు ఐక్యరాజ్యసమితి 'ఛాంపియన్స్ ఆఫ్ ది ఎర్త్' పురస్కారం ఇచ్చిన 2022 నాటికి అవి 250 దాటాయి. 2023లో ఐయూసీఎన్ ఈ పక్షిని అంతరించిపోయేవాటి జాబితాలోంచి తప్పించి, ముప్పు పొంచి ఉన్నవాటిలో చేర్చింది.

వల పిల్లను ఆపుతుంది గానీ రెట్టను ఆపదుగా. ఆ చెట్ల కింద చీపుర్లకీ బకెట్లకీ ఇప్పటికీ తీరిక లేదు.