వదినగారూ, కారు తాళం ఎక్కడ పెట్టారు?

వదినగారూ, ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. పొయ్యి మీద ఏమైనా ఉంటే సిమ్‌లో పెట్టి రండి, ఇది రెండు మాటల్లో తేలేది కాదు. మీ అబ్బాయి కారు కొన్నాడు, చాలా సంతోషం. నిన్న పూజలో పంతులుగారు తాళాన్ని పళ్ళెంలో పసుపు కుంకుమల మధ్య పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు దాని మీద కూడా చల్లారు. అప్పుడే చెబుదామనుకున్నాను గానీ, శుభమా అని పూజ జరుగుతుంటే మధ్యలో మాట్లాడటం ఎందుకని ఊరుకున్నాను. తాళం మీదున్న బటన్ల సందుల్లో కుంకుమ చేరితే అవి పట్టేస్తాయి. కొబ్బరినీళ్ళు ఆరితే జిగురు కడతాయి. పొడిగుడ్డతో తుడిచి, పాత టూత్‌బ్రష్‌తో బటన్ల చుట్టూ దులపమనండి. తడిగుడ్డ మాత్రం వద్దు.

మా మావయ్యగారి అంబాసిడర్ తాళం గోదాట్లో పడినా తీసి తుడుచుకుని తిప్పితే బండి లేచేది. ఇప్పుడొచ్చేవి అలాంటివి కావు. లోపల చిన్న రేడియో ఉంటుంది. మీ అబ్బాయి తలుపు పిడి మీద ఉన్న నల్ల బటన్ నొక్కగానే కారు "ఉన్నావా?" అని అడుగుతుంది, జేబులో ఉన్న తాళం "ఉన్నాను" అంటుంది, అప్పుడే తలుపు తెరుచుకుంటుంది. కారు అడిగే సిగ్నల్ చాలా తక్కువ ఫ్రీక్వెన్సీది, 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మీటరు దూరం దాటి పెద్దగా పోదు. తాళం ఇచ్చే జవాబు మన దేశంలో ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద పోతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీరు ఆ తాళాన్ని వరండా కిటికీ ఊచకి తగిలించారు. కారేమో సరిగ్గా ఆ కిటికీకి ఆనుకునే ఉంది.

వెళ్ళేటప్పుడు చేతికందుతుందనే కదా అక్కడ పెట్టారు? నిజమే. కానీ కారు పక్కనే తాళం ఉంటే చాలా మోడళ్ళలో ఆ రెండూ ఒకదాన్నొకటి పలకరించుకుంటూనే ఉంటాయి. తాళంలో బ్యాటరీ ఊరికే అరిగిపోతుంది. పైగా గేటు లోపలికి ఎవరైనా వచ్చి తలుపు మీద బటన్ నొక్కితే, తాళం కిటికీ అవతల ఉన్నా తెరుచుకునే ప్రమాదం ఉంది. కనీసం ఏడెనిమిది అడుగుల దూరంలో, లోపలి గదిలో పెట్టుకోవాలి. ఇండక్షన్ స్టవ్ పక్కన, టీవీ మీద, ఫోను ఛార్జింగ్ పెట్టే బల్ల మీద కూడా వద్దు. వాటి నుంచి వచ్చే తరంగాలకి తాళం ఉలిక్కిపడి లేస్తూ ఉంటుంది, బ్యాటరీ దానికీ ఖర్చవుతుంది.

ఇంకో సంగతి. తాళం దొంగిలించకుండానే దాని సిగ్నల్‌ని దూరం లాక్కెళ్ళి కారు తీసుకుపోయే దొంగతనాలు ఇంగ్లండు లాంటి చోట్ల చాలా జరిగాయి. ఒకడు ఇంటి గోడ పక్కన యంత్రం పట్టుకుని నిలబడతాడు, ఇంకొకడు కారు దగ్గర ఉంటాడు. తాళం పక్కనే ఉందనుకుని కారు మోసపోతుంది. మూతున్న స్టీలు డబ్బాలో పెడితే కొంతవరకు అడ్డుకుంటుంది, ఇందుకోసమే అమ్మే సంచులు కూడా ఉన్నాయి. డబ్బా పనిచేస్తోందో లేదో చూడటం చాలా తేలిక. తాళం అందులో వేసి మూతపెట్టి, కారు పక్కన నిలబడి తలుపు బటన్ నొక్కి చూడాలి. తెరుచుకుందంటే ఆ డబ్బా పనికిరాదని.

బ్యాటరీ అన్నాను కదా, అది రూపాయి బిళ్ళలా గుండ్రంగా ఉంటుంది. చాలా తాళాల్లో సీఆర్ 2032 అనేది వాడతారు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. ఆ నంబరులోనే కొలత ఉంది చూడండి. 2025 అని ఉంటే మందం 2.5. కాబట్టి షాపులో దొరికిందేదో వేసుకోకుండా, పాతదాని మీద ఏముందో చూసి అదే తెచ్చుకోవాలి. మామూలుగా ఏడాది నుంచి మూడేళ్ళ దాకా వస్తుంది. అయిపోయే ముందు అదే చెబుతుంది. దూరం నుంచి తెరుచుకునే తలుపు దగ్గరికి వెళ్తే గానీ తెరుచుకోదు, రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది, కారు తెరమీద బ్యాటరీ తక్కువని రాస్తుంది. అప్పుడే మార్చేయాలి. వంద రూపాయలు కూడా కాని వస్తువు కోసం అర్ధరాత్రి రోడ్డు మీద నిలబడటం ఎందుకు?

ఒకవేళ పూర్తిగా అయిపోయినా కంగారు పడక్కర్లేదు. ఆ రిమోట్ లోపల మామూలు ఇనప తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది. పక్కనున్న చిన్న మీట నొక్కి లాగితే వస్తుంది. దాంతో డ్రైవరు తలుపు తీయొచ్చు. కొన్ని కార్లలో తాళం కన్నం మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, అది ఊడదీయాలి. లోపల కూర్చున్నాక, చాలా కార్లలో రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కి ఆనించి దాంతోనే నొక్కితే ఇంజను లేస్తుంది. బ్యాటరీ లేకుండా ఎలా అంటారా? తాళంలో ఇంకో చిప్ ఉంటుంది, దానికి కావలసిన కాస్త కరెంటు కారే గాల్లోంచి ఇస్తుంది. కొన్ని కార్లలో రిమోట్ పెట్టడానికి వేరే చోటు ఉంటుంది. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఆ ఒక్క పేజీ చదువుకుని, ఇంటి ముందు ఉండగానే మీ అబ్బాయీ కోడలూ ఇద్దరూ చేసి చూడాలి. అన్నయ్యగారు కూడా నడుపుతారు కదా, ఆయన చేత కూడా చేయించండి.

ఈ బటన్ కార్లతో ఇంకో తిరకాసు ఉంది. మా ఆడపడుచుగారింట్లో జరిగింది. ఆవిడ భర్తని గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి స్టేషనుకి వెళ్ళింది. ఆయన కారు నడుపుకుంటూ వచ్చాడు, ఇంజను ఆపకుండానే దిగి సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. తాళం ఆయన జేబులోనే ఉంది. ఆవిడ డ్రైవరు సీట్లోకి మారింది. కారు కీ కీ మని అరిచింది గానీ వెనక ఆటోల హారన్ల గోలలో పట్టించుకోలేదు. తాళం దూరమైపోయినా నడుస్తున్న ఇంజను ఆగదు, నడిరోడ్డు మీద ఆగితే ప్రమాదమని అలాగే చేస్తారు. పెట్రోలు బంకులో ఆపింది, అంతే, మళ్ళీ లేవలేదు. ఆయనేమో రైల్లో ఉన్నాడు. కొడుకు ఇంట్లోంచి రెండో తాళం పట్టుకొచ్చేదాకా బంకులోనే కూర్చుంది. అందుకే డ్రైవరు సీటు మారేటప్పుడు ఇంజను ఆపాలి, తాళం చేతికివ్వాలి, రెండోవాళ్ళు మళ్ళీ స్టార్ట్ చేసుకోవాలి. మా ఇంట్లో ఇది అందరికీ అలవాటైపోయింది.

ఆ రెండో తాళం ఎక్కడుంది వదినగారూ? షోరూము కవరులోనే ఉందా? బీరువాలో పెట్టేయండి. పాలిథీన్ కవరు మీద ఏ తాళమో రాసి మరీ పెట్టండి. కారు పోయిందని ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరికి వెళ్తే, వాళ్ళు ముందు రెండు తాళాలూ తెమ్మంటారు. ఒకటి ఎక్కడుందో తెలియదంటే క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఒక తాళం పోయిందంటే పోలీసు స్టేషన్లో కాగితం రాయించుకుని, సర్వీసు సెంటరులో ఆ పోయిన తాళాన్ని కారు జ్ఞాపకంలోంచి తీసేయించాలి. కొత్తది చేయించడానికి వేలు అవుతాయి. తాళం పోయినా డబ్బొచ్చే కవరు పాలసీలో విడిగా కలుపుకోవచ్చు, రెన్యువల్ అప్పుడు అడగమనండి.

మనకి జేబులుండవు కదా, అదొక కష్టం. మా అత్తగారు బీరువా తాళాలు కొంగున ముడేసుకునేవారు, బొడ్లో దోపుకునేవారు. రిమోట్‌ని మాత్రం అలా దోపుకోవద్దని మీ కోడలికి చెప్పండి. చెమట తగులుతుంది, కూర్చుంటే బటన్లు నొక్కుకుంటాయి. కొన్ని కార్లలో తెరిచే బటన్‌ని కాసేపు నొక్కిపట్టి ఉంచితే నాలుగు అద్దాలూ కిందకి దిగిపోతాయి. ఎండలో నిలబెట్టిన కారులో వేడి పోవడానికి అది బాగుంటుంది. వర్షంలో జరిగితే సీట్లన్నీ తడిసిపోతాయి. హ్యాండ్‌బ్యాగులో విడిగా చిన్న జిప్ అరలో వేసుకోవాలి, ఫోను పక్కన కాకుండా. ఫోను అంటుకుని ఉంటే ఒక్కోసారి కారుకి తాళం మాట వినబడదు. ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, ఇత్తడి వినాయకుడు అన్నీ కలిపి అదే గుత్తికి తగిలించడం కూడా నాకు నచ్చదు, రిమోట్ గీసుకుపోతుంది, పడినప్పుడు ఆ బరువంతా దాని మీదే పడుతుంది. 2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి, ఇంటినిండా చుట్టాలుంటారు. స్నానానికి దిగేవాళ్ళ జేబులో తాళం ఉండకూడదు, గట్టు మీద కూర్చునేవాళ్ళ చేతికివ్వాలి.

మీ అమ్మాయి యాక్టివా కూడా స్మార్ట్ కీదే అన్నారు కదా, 2023 జనవరిలో వచ్చిన రకం. తాళం రెండు మీటర్లు దాటి వెళ్తే బండి స్టార్ట్ అవదు. బండి పక్కనే నిలబడి కూరలు బేరమాడుతున్నంతసేపూ తాళం పడనట్టే అని ఆ పిల్లకి తెలిస్తే చాలు.

ఇప్పుడు అసలు మాట. మీ మనవడికి నాలుగేళ్ళు. నిన్న పూజయ్యాక వాడు ఆ తాళం పట్టుకుని బటన్లు నొక్కుతుంటే, లైట్లు వెలుగుతుంటే అందరూ ముచ్చటపడ్డారు. నాకు గుండె దడదడలాడింది. తాళం వెనక మూత కాస్త వదులైతే ఆ బిళ్ళ బ్యాటరీ ఊడొస్తుంది. పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. 20 మిల్లీమీటర్ల బిళ్ళ చిన్నపిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కుంటుంది. అక్కడి తడికి కరెంటు పారి, రెండు గంటల్లోనే లోపల కండ కాలిపోవచ్చు. అయిపోయిందని పక్కన పడేసిన బ్యాటరీకి కూడా అంత శక్తి ఉంటుంది. మింగాడని అనుమానం వచ్చినా వాంతి చేయించకూడదు, అరటిపండు పెట్టి చూద్దాం అనకూడదు, తిన్నగా ఎక్స్‌రే ఉన్న పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. పాత బ్యాటరీకి రెండువైపులా టేపు చుట్టి, పిల్లలకందని చోట పెట్టి, తర్వాత ఈ-వేస్ట్ వాళ్ళకివ్వాలి.

దానికన్నా భయం కారు లోపలే. 2025 మేలో ద్వారపూడిలో నలుగురు పిల్లలు పోయారు. మన మండపేట దగ్గర ద్వారపూడి కాదు, విజయనగరం పక్కనున్నది. ఆడుకుంటూ ఆగి ఉన్న కారెక్కారు, తలుపులు పడిపోయాయి, ఎవరూ చూడలేదు. అంతకు ముందు నెలలోనే చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు అలాగే పోయారు. ఎండలో అద్దాలు మూసిన కారులో పది నిమిషాలకే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. మన ఊరి ఎండ మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు కనబడకపోతే మనం వీధంతా వెతుకుతాం, బావిలో చూస్తాం, ఇంటి ముందున్న కారులో చూడటం చివర్లో గుర్తొస్తుంది. ముందు అక్కడే చూడాలి. తలుపు రాకపోతే అద్దం పగలగొట్టాలి, పిల్లవాడికి దూరంగా ఉన్న అద్దం. కారు ఖరీదు అప్పుడు ఆలోచించకూడదు.

వాడికి హారన్ నొక్కడం నేర్పండి. చాలా కార్లలో ఇంజను ఆపి ఉన్నా హారన్ మోగుతుంది. వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేస్తే లోపలినుంచి రావు, అందుకని ముందు సీట్లోకి ఎక్కి పిడి లాగడం కూడా చూపించండి. ఆట కోసం కాదు, ఒకసారి పక్కన కూర్చుని నిదానంగా చూపించాలి.

ఇంకేం లేదు. ఆ కిటికీ ఊచ మీద నుంచి తాళం తీసేసి, లోపలి గదిలో వాడికి అందనంత ఎత్తులో మేకు కొట్టించి తగిలించండి. గేటు లోపల ఉన్నా, అయిదు నిమిషాలే అయినా, కారు దిగినప్పుడల్లా తాళం వేయాలి. ఇండికేటర్లు వెలిగి ఆరాయో లేదో కళ్ళారా చూసుకుని గానీ లోపలికి రావద్దని మీ అబ్బాయికి ఇవాళే చెప్పండి వదినగారూ.