ముందు కుక్కను చూడు, తర్వాత నూనె తియ్యి

మా లడ్డూ నాలుగేళ్ళ లాబ్రడార్. రాత్రి రెండు గంటలప్పుడు లేచి చప్ చప్‌మని కాళ్ళు నాక్కోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత చెవి గోకుడు. గొలుసు ఘల్లుమంటుంటే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. రెండేళ్ళుగా ఇదే వరస. ఇంజెక్షన్ పడితే మూడు వారాలు హాయి, ఆ పైన మళ్ళీ మామూలే. నాలుగో ఇంజెక్షన్ తర్వాత అది బకెట్టు ఖాళీ చేసేలా నీళ్ళు తాగుతూ, ఎంత పెట్టినా గిన్నె వదలకుండా తిరుగుతుంటే, ఆ ఇంజెక్షన్ స్టెరాయిడ్ అనీ, ఇష్టమొచ్చినన్నిసార్లు వేయించుకునే మందు కాదనీ అప్పుడు తెలిసింది. వేసినవాళ్ళు చెప్పలేదు, నేనూ అడగలేదు.

మదనపల్లె టమాట మార్కెట్లో పనిచేసే మిత్రుడొకడు ఈ గోడంతా విని, "పీటీఎంలో ఒక ముసలాయన ఉన్నాడు. గొర్రెలు కాస్తాడు. కుక్కల దురదకి కానుగ నూనె ఇస్తాడు, ఒకసారి చూపించు" అన్నాడు. పెద్దతిప్పసముద్రాన్ని మా వైపు ఎవరూ పూర్తిగా పలకరు, పీటీఎం అంటేనే బస్సు ఆగుతుంది.

ఒక ఆదివారం లడ్డూని వెనక సీట్లో ఎక్కించుకొని బయలుదేరాను. అంగళ్ళు దాటి, హార్సిలీ కొండల్ని పక్కన పెట్టుకొని, బి.కొత్తకోట మీదుగా దారి. టమాట తోటలు, మల్బరీ చెట్లు, మధ్యమధ్య ఏమీ పండని గుట్టలు. కర్ణాటక సరిహద్దు దగ్గర పడేకొద్దీ మాటల్లో కన్నడం కలుస్తుంది. సీమలో పెద్ద చెరువుల్ని సముద్రాలనే పిలిచారు, అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రంలాగే ఈ తిప్పసముద్రమూ. నీళ్ళకు మొహం వాచిన నేల కాబట్టే కాబోలు, నాలుగు నీళ్ళు నిలిస్తే సముద్రమే.

ఊరి బయట వేరుశనగ కోసిన చేలో మంద పెట్టి ఉంది. గొర్రెల ఎరువు కోసం రైతు పిలిపించుకున్నాడట. ముళ్ళకంప రొప్పం, దాని పక్కన గొంగడి, పొయ్యి, మూడు నాటు కుక్కలు. వాటిలో నల్లదాని పేరు కరిగాడు. లడ్డూని చూసి మూడూ ఒక్కసారి మొరిగి, కరిగాడు వచ్చి వాసన చూసి, ఇది ఎందుకూ కొరగాదని తేల్చుకున్నట్టు వెళ్ళి పండుకుంది.

తాత నూనె సీసా తీయలేదు. లడ్డూని దగ్గరికి పిలిచి, కింద కూచోబెట్టి, నన్ను ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు.

"ఎన్నాళ్ళ నుంచి నాయనా?"

"రెండేండ్లు తాతా."

"ఎండాకాలం ఎక్కువా, వానలప్పుడు ఎక్కువా?"

"ఏడాది పొడుగునా ఉంటుంది."

"యాడ పండుకుంటాది?"

"సోఫాలో."

తాత నవ్వాపుకున్నాడు. "ఏం పెడతా ఉండారు?"

"పెరుగన్నం. వారానికి నాలుగు రోజులు చికెన్. సాయంత్రం టీ తాగేటప్పుడు బిస్కెట్లు."

"ఎన్నాళ్ళుగా?"

"చిన్నప్పటి నుంచీ."

ఆయన తలూపి, తన తెల్ల పంచె కొనను చెంబులో ముంచి తడిపాడు. లడ్డూ తోక మొదట్లో బొచ్చును ఎదురు దువ్వుతూ రాలిన నలుసుల్ని ఆ తడిగుడ్డ మీద పడనిచ్చాడు. మట్టి నలుసు మట్టిగానే ఉంటుంది. పేలు వదిలిన పెంట అయితే తడి తగలగానే ఎర్రగా మారుతుంది, అది పీల్చిన రక్తమే కాబట్టి. గుడ్డ మీద ఎరుపు రాలేదు. వేళ్ళ సందుల్లో, చెవి లోపల పిడుదుల కోసం వెతికాడు. రెండు దొరికితే పీకి పొయ్యిలో వేశాడు. "ఇవి అందరికీ ఉండేటివే. దీని గోకుడు వీటిది కాదు" అన్నాడు.

అంతలో ఒక పిల్లవాడు సగం బొచ్చు ఊడిన కుక్కపిల్లను గోనెసంచిలో చుట్టుకొని తెచ్చాడు. చెవి అంచులు, మోచేతులు పొట్టు కట్టి ఉన్నాయి. తాత దాన్ని ముట్టుకోకుండా సంచి కొనతోనే దాని చెవి అంచును ఆ చెవికే ఆనించి నలిపాడు. కుక్కపిల్ల వెనక కాలు దానంతటదే గాల్లో గోకింది. "ఇది గజ్జి. నా నూనెకి లొంగదు. రేపు పశువులాసుపత్రికి ఎత్తకపో. ఇంట్లో మీకూ దురద పుడతా ఉందా?" పిల్లవాడు చొక్కా ఎత్తి పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు చూపించాడు. చర్మం లోపల సొరంగాలు తవ్వే ఆ సన్నపురుగు కుక్క నుంచి మనిషికీ పాకుతుంది. మనిషి ఒంట్లో ఎక్కువ కాలం నిలవదు గానీ, కుక్క బాగుపడేదాకా ఇంటిని వదలదు. చెవి నలిపితే కాలు ఆడడం పశువైద్యులు కూడా చూసే గుర్తేనని తర్వాత తెలిసింది.

"గొర్రెలకేసే మందు వేస్తే పోదా తాతా?" అని పిల్లవాడు అడిగాడు. పోతుందేమో గానీ కొలత తప్పితే కుక్కే పోతుందని తాత గదిమాడు. ఆయన అన్నది ఐవర్‌మెక్టిన్ గురించి. ఆ మందుకు మూలమైన పరిశోధనకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురా 2015లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. మందు గొప్పదే. కానీ కోలీ లాంటి కొన్ని జాతుల కుక్కల్లో అది మెదడుకెక్కుతుంది, నాటు కుక్కకైనా బరువు తూచి డాక్టరే వేయాలి.

ఇక నూనె సంగతి. కానుగ నూనె ఒక వంతు, కొబ్బరి నూనె మూడు వంతులు కలిపి గోరువెచ్చగా చేస్తాడు. పొక్కిన చోట, పొట్టు లేచిన చోట పలచగా రాసి, కుక్కను నీడలో కట్టేసి, నాక్కోకుండా గంటసేపు పక్కనే కూచుంటాడు. తర్వాత రెండు పిడికిళ్ళ వేపాకు వేసి మరిగించి చల్లార్చిన నీళ్ళతో కడుగుతాడు. అంతే. పచ్చి వేపనూనె ఎందుకు వాడవంటే, అది ఘాటు, నాకితే వాంతులు చేసుకుంటాయన్నాడు. కలబంద కూడా రాస్తాడు గానీ మట్ట కోసి, పచ్చటి జిగురు పూర్తిగా కారిపోయాక, లోపలి గుజ్జు మాత్రమే. ఆ పసుపు జిగురు కడుపులోకి పోతే విరేచనాలు.

సీతాఫలం గింజల పొడి అడిగితే చెయ్యి అడ్డంగా ఊపాడు. గుట్టల నిండా సీతాఫలమే, పేలకు మంచి మందే, కానీ కంట్లో పడితే గుడ్డు దెబ్బతింటుంది. ఆముదపు పిండి అయితే మరీ ప్రమాదం. చేలో ఎరువుగా చల్లిన ఆ పిండిని వాసనకు తిని చచ్చిన కుక్కల్ని ఆయన చూశాడట. గింజలోని విషం పిండిలోనూ మిగులుతుంది. పీటీఎం వచ్చేటప్పుడు ఒక మెకానిక్ షెడ్డు దగ్గర ఒళ్ళంతా కాలిన ఇంజిన్ ఆయిల్ పూసిన కుక్క కనిపించిందని చెబితే తాత మొహం తిప్పుకున్నాడు. "పురుగుతో పాటు కుక్కనీ చంపేదే అది." ఆ నల్ల నూనె చర్మం గుండా లోపలికి ఇంకుతుంది, నాకితే కడుపులోకీ పోతుంది. కిరోసిన్, ఫినాయిల్, కర్పూరం కలిపిన నూనెలదీ అదే దారి.

తర్వాత మమ్మల్ని చేను గట్టు మీద నడిపించాడు. తెల్లపూల వయ్యారిభామ మోకాలెత్తు పెరిగి ఉంది. 1950ల్లో పుణేలో కనిపించిన ఈ విదేశీ కలుపు ఇప్పుడు మన గట్లన్నీ ఆక్రమించింది. దీంతో మనుషులకు దద్దుర్లు వస్తాయని అందరికీ తెలుసు. మందతో పాటు ఇందులో పడి తిరిగే కుక్కలకు పొట్ట కింద, తొడల లోపల, అంటే బొచ్చు పలచగా ఉన్నచోట ఎర్రబడుతుందని తాత అంటాడు. కరిగాడిని వెల్లకిలా తిప్పి చూపించాడు. రోజూ సాయంత్రం మందను తోలుకొచ్చాక ఆ పొట్టని తడిగుడ్డతో తుడుస్తాడు. మందు ఇదేనన్నమాట, ఉత్త నీళ్ళు.

వచ్చే ముందు చిన్న సీసాలో నూనె పోసిచ్చి డబ్బు తీసుకోలేదు. "ఇది పైపూతే నాయనా. నీ కుక్కకి గోకుడు కాళ్ళల్లో, చెవుల్లో, కాలం తేడా లేదు, పేలు లేవు. నోటి నుంచి వస్తా ఉందేమో చూడు. ఏదో ఒకటి పడతా లేదు."

ఆ మాట పట్టుకొని మదనపల్లెలో నాకు తెలిసిన పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆమె కూడా మొదట అవే ప్రశ్నలు అడిగింది, అదే వరసలో. నాకు నవ్వొచ్చింది. ఆమె లెక్క ఇది: కుక్కల అలర్జీలో ఎక్కువ భాగం పేలు కుట్టడం వల్ల, ఇంటి దుమ్ములోని సన్నపురుగుల వల్ల, పుప్పొడి వల్ల వచ్చేవే. తిండిది తక్కువ, కానీ తేల్చుకోవాలంటే రక్తపరీక్షను నమ్ముకోలేం, తినిపించి చూడాల్సిందే. ముల్లర్, ఒలివ్రీ, ప్రెలో అనే ముగ్గురు పశువైద్యులు 2016లో తిండి అలర్జీ ఉన్న 297 కుక్కల వివరాలు కూడితే, గొడ్డుమాంసం పడనివి 34 శాతం, పాలపదార్థాలు 17, కోడిమాంసం 15, గోధుమ 13 శాతం తేలాయి. అంటే మా ఇంటి మెనూ అంతా ఆ జాబితాలోనే ఉంది. పెరుగు, కోడి, బిస్కెట్.

పథ్యం ఎనిమిది వారాలు. అప్పటికి, తిండి అలర్జీ ఉన్న పది కుక్కల్లో తొమ్మిదింటికి తేడా తెలుస్తుందట. అంతకుముందు ఎప్పుడూ తినని మాంసం ఒకటి, పిండిపదార్థం ఒకటి, ఆ రెండే పెట్టాలి. మా ఇంట్లో చేపలు వండరు కాబట్టి ముళ్ళు తీసి ఉడికించిన చేప, గెనుసుగడ్డ. ఉప్పు, మసాలా, నూనె పోపు లేవు. ఉల్లి, వెల్లుల్లి అసలే కూడదు, అవి కుక్క రక్తకణాల్ని చితగ్గొడతాయి. "మంచి చేస్తుందని అవిసె గింజలు వేస్తారు. కుక్క ఒంట్లో అది పనికొచ్చే రూపానికి మారేది కొంచెమే. చేపనూనె మేలు, కానీ ఇప్పుడు వద్దు. పరీక్షలో రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలీదు" అంది డాక్టరు. సున్నం, విటమిన్లు కలవని ఈ తిండి ఎనిమిది వారాలకు సరే, ఏళ్ళ తరబడికి కాదని కూడా చెప్పింది. మనుషుల సబ్బు మాన్పించింది. మన చర్మం కంటే కుక్క చర్మం పలచన, దాని ఆమ్లగుణం కూడా వేరు.

పథ్యం చేయడం కష్టం కాదు, చేయించడం కష్టం. పాలవాడు బిస్కెట్ వేస్తాడు. పక్కింటావిడ శనివారం నైవేద్యం పెరుగన్నం పెడుతుంది. బి.కొత్తకోటలో టీ తాగుతుంటే అంగడాయన బన్ను విసిరాడు. నేను ఎగిరి లాక్కున్నాను. "ఒక్క బన్నుకేం అవుతుంది సార్?" అన్నాడు పాపం నొచ్చుకొని. ఒక్క బన్నుకి నాలుగు వారాల కష్టం గంగపాలవుతుందని ఆయనకు ఎట్ల చెప్పాలి? గేటుకి కాగితం అంటించాను: దయచేసి మా లడ్డూకి ఏమీ పెట్టకండి.

ఐదో వారానికి రాత్రి చప్పుడు తగ్గింది. ఎనిమిదో వారానికి గోధుమరంగు మరకలు పడిన పాదాల బొచ్చు మొదళ్ళ నుంచి మళ్ళీ లేతరంగులో వచ్చింది. అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. పాతవి ఒక్కొక్కటి తిరిగి పెట్టి చూడాలి, అది చేయకపోతే తేలినట్టు కాదు. కోడిమాంసం రెండు వారాలు పెట్టాం, ఏమీ కాలేదు. పెరుగు పెట్టిన మూడో రాత్రి రెండు గంటలకు లేచింది. చప్ చప్.

మళ్ళీ పీటీఎం వెళ్ళాను. మంద వేరే చేనుకి మారింది. తాత లడ్డూ పాదాలు ఎత్తి చూసుకొని, "పెరుగా?" అన్నాడు. "మేం ఇంటికొచ్చినోళ్ళకు మజ్జిగిచ్చి మర్యాద చేస్తాం, నీ కుక్కకి అదే విషమాయ." కాసేపు ఆగి, నేను తెచ్చిన సీసా వైపు చూశాడు. రెండుసార్లు వాడానేమో, పైదాకా నూనె ఉంది.

"అట్లయితే ఆ మిగిలింది ఇట్ల ఇయ్యి నాయనా. మా కరిగాడు వయ్యారిభామలో పడి పొట్టంతా గోక్కుంటా ఉంది."