దర్వాజా దగ్గర సుంకం ఎవరు కట్టాలి?

మన పల్లెల నుండి హైదరాబాదు వెళ్లేవారిలో చాలామందికి పాతబస్తీ అంటే చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజారు గాజుల దుకాణాలు. అక్కడికి తూర్పు వైపున కొద్ది దూరంలోనే ఉన్న దబీర్‌పురాను చూసినవారు తక్కువ. మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో దిగినవారు దారుల్‌షిఫా మీదుగా ఆటోలో రావచ్చును. సికింద్రాబాదులో రైలు దిగినవారు ఫలక్‌నుమా వెళ్లే ఎం.ఎం.టి.ఎస్. బండి ఎక్కితే, కాచిగూడ, మలక్‌పేట దాటిన తరువాత వచ్చే స్టేషనే ఇది. దబీర్ అంటే పారసీక భాషలో లేఖకుడు, కార్యదర్శి అని అర్థం. ఒకనాటి దర్బారు లెక్కలూ లేఖలూ రాసే వారి పేట అన్నమాట.

ఇక్కడ చూడవలసినది ఒక పాత దర్వాజా. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు రాతి గోడ ఉండేది. మొగలుల చివరి సుబేదారు ముబారిజ్ ఖాన్ దానిని మొదలుపెట్టగా, మొదటి ఆసఫ్ జా కాలంలో పూర్తయినది. చుట్టుకొలత సుమారు ఆరు మైళ్లు. దానికి 13 పెద్ద దర్వాజాలు, మనుషులు నడిచి వెళ్లేందుకు చిన్న చిన్న కిటికీలు ఉండేవి. ఢిల్లీ దర్వాజా, అఫ్జల్ దర్వాజా, చాదర్‌ఘాట్ దర్వాజా, యాకుత్‌పురా దర్వాజా ఇలా ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు. రాత్రివేళ తలుపులు మూసి కాపలా కాసేవారు. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన మహా వరద గోడను చాలాచోట్ల కూల్చివేసినది. పెరిగిన రాకపోకలకు అడ్డమని మిగిలినదానిలో ఎక్కువ భాగం తరువాత మనుషులే తొలగించారు. నేటికి నిలిచి ఉన్న పెద్ద దర్వాజాలు రెండే. ఒకటి పురానా పూల్ దగ్గర ఉన్నది, రెండవది ఈ దబీర్‌పురా దర్వాజా.

ఏనుగులు, పల్లకీలు, ఎద్దుబండ్ల కోసం కట్టిన కమాను అది. ఇప్పుడు దానికింద నుండి ఆటోలు, మోటారు సైకిళ్లు, తోపుడుబండ్లు ఒకదానినొకటి రాసుకుంటూ పోతుంటాయి. దగ్గరలో ఉన్న బీబీ కా అలావా నుండి ముహర్రం పదవ రోజున ఏనుగు మీద ఆలమ్‌ను ఊరేగిస్తూ చాదర్‌ఘాట్ వైపు తీసుకుపోతారు. ఆ ఒక్క రోజు వాహనాలను పక్క దారులకు మళ్లిస్తారు. మిగిలిన దినాలలో ఆ ఇరుకు దారి ఎవరు ముందు దూరితే వారిది.

ఈ దారిలో మన పల్లెవారికీ పని ఉన్నది. పురానీ హవేలీ దగ్గర దుర్రు షెహ్‌వార్ పిల్లల ఆసుపత్రి ఉన్నది. పక్కనే మీర్ ఆలమ్ మండీలో కూరగాయలు, మసాలా దినుసులు అమ్ముతారు. పెండ్లి బట్టల కోసం పత్తర్‌గట్టి, మదీనా వెళ్లేవారూ ఇటువైపే తిరుగుతారు. ఒక లారీ అడ్డం తిరిగినా, ఒక కారు వీధి పక్కన ఆగినా, బిడ్డను ఒడిలో పెట్టుకొని ఆటోలో కూర్చున్న తల్లి కూడా అక్కడే నిలిచిపోవలసినదే.

ఇట్టి ఇక్కట్టుకు కొన్ని పెద్ద పట్టణాలవారు ఒక మందు కనిపెట్టారు. పట్టణం నడిబొడ్డుకు వాహనంలో వచ్చేవారు రుసుము చెల్లించాలి. మొదట ఆరంభించినది సింగపూరు. 1975 జూన్‌లో అక్కడ ఉదయపు రద్దీ వేళ నగర కేంద్రంలోకి వచ్చే కారుకు రోజుకు మూడు సింగపూరు డాలర్లు విధించారు. అయితే నలుగురు, అంతకన్న ఎక్కువమంది కలిసి వచ్చే కారుకు మొదటి సంవత్సరాలలో రుసుము లేదు. లండనులో 2003 ఫిబ్రవరి 17న రోజుకు అయిదు పౌండ్లతో మొదలుపెట్టారు. 2020 నాటికి అది పదిహేను పౌండ్లయినది. స్వీడను రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006లో ఆరేడు నెలలు పరీక్షగా వసూలు చేసి, తరువాత ప్రజల ఓటు అడిగారు. మొదట వద్దన్నవారే ఎక్కువగాని, దారులు ఖాళీ కావడం కళ్లారా చూచిన తరువాత నగరవాసులలో ఎక్కువమంది సరేనన్నారు. 2007 ఆగస్టు నుండి అది స్థిరపడినది. న్యూయార్కులో 2025 జనవరి 5న రద్దీ వేళ కారుకు తొమ్మిది డాలర్లతో ఆరంభమైనది.

ఫలితం లేకపోలేదు. స్టాక్‌హోమ్‌లో రుసుము హద్దు దాటే వాహనాలు సుమారు అయిదింట ఒక వంతు తగ్గినవి. లండనులోనూ మొదటి సంవత్సరాలలో దాదాపు అంతే తగ్గినవి. కాలక్రమేణా అక్కడ ఆలస్యాలు మళ్లీ పెరిగిన మాట కూడా నిజమే.

హైదరాబాదులో ఇంతవరకు అట్టి రుసుము లేదు. అయినను మన దేశంలో దీనికి దగ్గరి చుట్టాలున్నవి. ఢిల్లీలోకి వచ్చే లారీల మీద 2015లో సుప్రీంకోర్టు ఆజ్ఞతో కాలుష్య పరిహారపు రుసుము విధించారు. చిన్న లారీకి 700, పెద్ద లారీకి 1300 రూపాయలతో అది మొదలైనది. ముంబయి ప్రవేశాల దగ్గర చాలా సంవత్సరాలు టోలు కట్టిన కార్లవారికి 2024 అక్టోబరులో మినహాయింపు దొరికినది. మన కోస్తా, రాయలసీమ పెద్దలకు టోలుగేటు అన్న మాట కొత్త కాదు. 1931లో మద్రాసు మోటారు వాహనాల పన్ను చట్టం వచ్చేవరకు స్థానిక సంస్థలు గేట్లు పెట్టి మోటారు బండ్ల దగ్గర వసూలు చేసేవి.

ఇప్పుడు దబీర్‌పురా దర్వాజా దగ్గర నిలబడి ఆలోచించుదాము. ఇక్కడ అటువంటి రుసుము పెడితే అది న్యాయమేనా?

వద్దనేవారి మాటలో బలమున్నది. అద్దె ఆటో నడిపేవాడు సాయంత్రానికి యజమానికి అద్దె, పంపులో పెట్రోలు లేదా గ్యాసు ఖర్చు పోగా మిగిలినదే ఇంటికి తీసుకుపోతాడు. అతడు దర్వాజా దాటిన ప్రతిసారీ కట్టవలసి వస్తే బియ్యం డబ్బు పోతుంది. పెద్ద కారు యజమానికి నూరు రూపాయలు ఒక పూట కాఫీ ఖర్చు. మొత్తం ఒకటే గాని బరువు ఒకటి కాదు. పైగా డబ్బున్నవాడు కట్టి హాయిగా వెళ్తాడు, లేనివాడు బయటే నిలిచిపోతాడు. ఒకనాడు తాళంతో మూసిన తలుపును ఇప్పుడు డబ్బుతో మూసినట్లవుతుంది. లోపల కాపురమున్నవారి సంగతి మరీ కష్టం. తన ఇంటికి తాను పోవడానికి సుంకమేమిటని వారు అడిగితే జవాబు చెప్పలేము.

అయితే రెండవ వైపు కూడా చూడాలి. ఇప్పుడు దారి ఉచితమని మనం అనుకుంటున్నాము గాని, అది ఉచితం కాదు. అందరూ కాలంతో కడుతున్నారు. కూలికి ఆలస్యమైనవాడు సగం రోజు కూలితో కడుతున్నాడు. వీధి పక్కన పండ్లు అమ్మే అమ్మ రోజంతా పొగ పీల్చి తన ఊపిరితిత్తులతో కడుతున్నది. ఒక్క మనిషి కూర్చున్న కారు ఆక్రమించే చోటులో మూడు నాలుగు మోటారు సైకిళ్లు నిలుస్తాయి. రెండు మూడు కార్ల చోటులో యాభైమందిని మోసే బస్సు నిలుస్తుంది. కారువాడు దారిని ఎక్కువ వాడుకొని, దాని ఖర్చును బస్సులో నిలబడినవారి మీద వేస్తున్నాడు. ఇట్లు చెల్లించిన కాలమూ ఆరోగ్యమూ ఎవరి ఖజానాకూ చేరవు, ఒక్క బస్సునైనా కొనిపెట్టవు. కాబట్టి ఏమీ చేయకుండుట కూడా న్యాయమని చెప్పలేము.

మూడవ మార్గం చార్మినార్ దగ్గరే ఉన్నది. 1591 నాటి ఆ కట్టడాన్ని పొగ నుండి, అదురు నుండి కాపాడడానికి చుట్టూ రాళ్లు పరచి వాహనాలను ఆపివేశారు. డబ్బున్నవాడూ లేనివాడూ ఒక్కటే, ఇద్దరూ నడవాలి. చూడడానికి ఇది సమానత్వమే. కాని మోకాళ్ల నొప్పులున్న వృద్ధురాలికి, మోత మోసే హమాలీకి ఆ నడక ఒకే రీతిగా ఉండదు. ఆపిన బండ్లు మాయమైపోవు, పక్క వీధులలోకి తిరుగుతాయి.

కాబట్టి రుసుము మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చలేము. ఎవరి దగ్గర తీసుకుంటారు, ఎవరిని విడిచిపెడతారు, తీసుకున్నది ఎటు పోతుంది అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబును బట్టి అది న్యాయమో అన్యాయమో అవుతుంది. బైబిలు చదివేవారికి సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి తెలుసు. సుంకరులు తనయొద్దకు వచ్చినప్పుడు బాప్తిస్మమిచ్చు యోహాను వారిని ఆ పని మానుకొమ్మనలేదు, నిర్ణయించినదానికన్న ఎక్కువ తీసుకోవద్దన్నాడు. లెక్క సరిగా ఉండాలన్నదే అక్కడి మాట.

లండనులో వికలాంగుల వాహనాలకు మినహాయింపు ఉన్నది. న్యూయార్కులో తక్కువ ఆదాయం గలవారు పేరు నమోదు చేసుకుంటే నెలలో మొదటి పది పర్యాయాల తరువాత పగటివేళ సగం రుసుమే కట్టాలి. అక్కడ వచ్చిన డబ్బు రైళ్లకు, బస్సులకు పోవాలని చట్టమే చెప్పినది. అంతకన్న ముఖ్యమైన సంగతి ఒకటున్నది. ఆ నగరాలలో కారు దిగినవానికి ఎక్కడానికి భూగర్భ రైలు ముందే ఉన్నది.

పాతబస్తీ కొరత అదే. మెట్రో రైలు 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్సు స్టేషను వరకు వచ్చి ఆగినది. అక్కడి నుండి పాతబస్తీలోకి పోయే మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగినది. ఆ మార్గం దారుల్‌షిఫా, పురానీ హవేలీల మీదుగా, అంటే దబీర్‌పురాకు కూతవేటు దూరంలో పోవలసినది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ప్రయాణం ఉచితమైనది. మంచిదే గాని, బస్సు ఇరుకు వీధిలో కదలకపోతే ఉచిత టిక్కెట్టు వలన ప్రయోజనమేమి?

ఈ వరుస తప్పకూడదని మా అభిప్రాయం. ముందు రైలు, బస్సు రావాలి. తరువాతే రుసుము మాట. అది కూడా ఒక్కరే వచ్చే సొంత కార్లతో మొదలుకావాలి. ఆటోలు, రోగులను తెచ్చే బండ్లు, పేటలో కాపురమున్నవారు, మండీకి సరుకు తెచ్చే చిన్న రైతులు మినహాయింపు పొందాలి. సింగపూరువారి వలె నలుగురు కలిసి వచ్చే బండిని కూడా విడిచిపెట్టవచ్చును. వచ్చిన ప్రతి రూపాయి లెక్క ఆ పేట ప్రజలకు కనబడాలి. ఈ షరతులు లేకుండా పెట్టిన రుసుము పేదవాని మీద మరొక గోడ అవుతుంది.

పాఠకులారా, ఇది పట్నపు సంగతే, మనకెందుకని అనుకోవద్దు. మన ఊరి సంతలో ఆశీలు వసూలుచేసే పాటదారుడు గంపలో నాలుగు వంకాయలు తెచ్చిన ముసలమ్మ దగ్గర ఎంత తీసుకుంటున్నాడు? లారీతో దిగిన వ్యాపారి దగ్గర ఎంత తీసుకుంటున్నాడు? ఆ డబ్బుతో సంతలో ఒక నీటి కుళాయి అయినా వేశారా? వచ్చే సంత రోజున ఒక్కసారి విచారించి చూడండి. పట్నానికి పనికివచ్చే కొలతే పల్లెకూ పనికివస్తుంది.