పందేనికి ముందు దారి చూడాలి

హైదరాబాద్ హాఫ్ మారథాన్ దారిపటం చూస్తే మలుపులు తెలుస్తాయి, నీళ్లిచ్చే చోట్లు తెలుస్తాయి. మిట్టలు తెలియవు. ఆ పందెంలో కాళ్లను పరీక్షించేవి మాత్రం మిట్టలే. నెక్లెస్ రోడ్డు మీది పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే ఆ ఇరవై ఒక్క కిలోమీటర్ల దారిని, పరిగెత్తబోయేవాళ్లు ముందుగా ఒకసారి తమ కాళ్లతో తొక్కి చూడాలి. ఈ మాట గట్టిగా నమ్మి చెబుతున్నాను.

మాది కావేరిపట్టణం. కృష్ణగిరికీ ధర్మపురికీ నడుమ, తెన్‌పెన్నై ఏటి ఒడ్డున ఉంటుంది. ఇక్కడ పరుగు అలవాటున్నవాళ్లు పొద్దున్నే కేఆర్‌పీ డ్యామ్ కాలువ గట్ల మీద, మామిడితోపుల నడుమ బాటల్లో సాధన చేస్తారు. చుట్టూ కొండలున్నా ఏటి పక్క నేల చదునైనది. ఊపిరి చాలు, నడక చాలు, మిట్టల పరిచయం చాలదు. మా ఊరి పక్కగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే ఉత్తరానికి సాగి హోసూరు, బెంగళూరు, అనంతపురం, కర్నూలు దాటి హైదరాబాదు చేరుతుంది. ఆరువందల కిలోమీటర్లకు పైమాటే. రాత్రి బస్సెక్కి, పొద్దున దిగి, పందెం నంబరున్న బిబ్ తీసుకుని, మర్నాడు చీకటితోనే వరసలో నిలబడే మాబోటివాళ్లకు ఆ నగరపు ఎత్తుపల్లాలు ఎవరు చెబుతారు? అక్కడ పరుగు సాధన చేసేవాళ్లు రోజూ ఆ రోడ్ల మీదే పరిగెత్తుతారు కాబట్టి వాళ్లకు తెలుసు. మనం పోయి చూసుకోవాల్సిందే.

ఒక ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదులో మా మేనల్లుడి స్కూటర్ వెనక కూర్చుని బయలుదేరాను. అతను మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పీపుల్స్ ప్లాజా దగ్గర ముందుగా గమనించాల్సింది హుస్సేన్ సాగర్‌నే. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో, పదహారో శతాబ్దంలో కట్టిన చెరువది. నీళ్లు పల్లానికే దిగుతాయి కదా, అంటే పందెం మొదలయ్యేది పల్లంలో. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే మిగతా దారి సగం అర్థమైనట్టే. సాగర్ నిండు నీటిమట్టం సముద్రమట్టానికి దాదాపు 513 మీటర్లు. నగరంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు బంజారాహిల్స్‌లో ఉంది, 672 మీటర్లు. పందెం ఆ కొన దాకా పోదు గానీ ఆ కొండల మీదుగానే పడమటికి దాటుతుంది.

ఖైరతాబాద్ ఫ్లైఓవర్, రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్ స్కూటర్ మీద ఇట్టే గడిచిపోయాయి. ఎక్కుడు తెలియలేదు, దిగుడూ తెలియలేదు. బండికి ఇంజను ఉంది, మోసేది అదే. ఫ్లైఓవర్ దిగగానే బండి ఆపమని చెప్పి నడవడం మొదలుపెట్టాను. అతను నా పక్కనే మెల్లగా బండి నడుపుతూ, "మామా, బండి మీద పోతే ఇదంతా సమంగా ఉన్నట్టే ఉండాది కదా!" అన్నాడు. రోజూ ఆఫీసుకు పోయే దారే అయినా, అందులో అంత ఎక్కుడుందని ఆ పొద్దు దాకా అతనికీ తోచలేదు.

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 2 మీద కేబీఆర్ పార్కు వైపు సాగే ఆ భాగమే ఈ కోర్సుకు ప్రాణమని నా అభిప్రాయం. నిట్టనిలువు మిట్ట కాదది. నిట్టనిలువుదైతే కంటికి కనబడుతుంది, మనసు సిద్ధపడుతుంది. ఇది తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తుంది, పిక్కలకే తెలుస్తుంది. పార్కులో చెట్ల మధ్య పెద్దపెద్ద గుండ్లు కనిపిస్తాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. మన కృష్ణగిరి వైపు కొండలను చూసిన కళ్లకు ఆ రాళ్లు కొత్తగా అనిపించవు. నగరం రాయిని పగలగొట్టి రోడ్లు వేసింది, తారు పోసింది, మిట్టను మాత్రం తీసేయలేకపోయింది.

బోస్టన్ మారథాన్‌లో హార్ట్‌బ్రేక్ హిల్ అని ఒక మిట్ట ఉంది. లోకంలో పరుగు తెలిసినవాళ్లంతా ఆ పేరు భయంగా తలుచుకుంటారు. దాని ఎత్తు ఎంతనుకున్నారు? సుమారు 27 మీటర్లు. అది వచ్చేది ముప్పై రెండో కిలోమీటరు దాటాక, ఒంట్లో సత్తువ అడుగంటినప్పుడు. 1936లో జాన్ కెల్లీ అక్కడ టార్జాన్ బ్రౌన్‌ను అందుకుని భుజం తట్టి ముందుకు పోయాడు, బ్రౌన్ పుంజుకుని పందెమే గెలిచాడు. కెల్లీ గుండె పగిలింది, ఆ మిట్టకు ఆ పేరు వచ్చింది అందుకే. మిట్ట ఎంత ఎత్తన్నది ఒక్కటే తెలిస్తే చాలదు, అది ఎప్పుడు ఎదురవుతుందో కూడా తెలియాలి. అది తెలియకుండా నెక్లెస్ రోడ్డు చదునులో, చెరువు గాలిలో, జనం కేకల మధ్య ఉత్సాహంగా వేగం పెంచినవాళ్లు జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు చేరేసరికి నడకకు దిగుతారు.

చెక్‌పోస్టు దాటి రోడ్ నంబర్ 45 పట్టుకుంటే దుర్గం చెరువు వైపు దిగుడు. ఇక్కడ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. వాటిలో సన్నటి చిరుగులు పడతాయి, ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడుతుంది. అడుగులు చిన్నవి చేసుకోవడం మేలు. 2020 సెప్టెంబరులో తెరిచిన కేబుల్ వంతెన మీదికి వచ్చాక కాసేపు తల ఎత్తి చూడొచ్చు, అంత అందమైన చోటు ఈ దారిలో మరొకటి లేదు. ఆ తర్వాత హైటెక్ సిటీ, గచ్చిబౌలి. అక్కడా ఎత్తుపల్లాలు వదలవు. చివరికి 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలు జరిగిన స్టేడియం.

దారి చూసేటప్పుడు మలుపులనూ పట్టించుకోవాలి. ధ్రువీకరించే కోర్సులను చక్రానికి జోన్స్ కౌంటర్ అనే కొలత పరికరం బిగించిన సైకిల్‌తో కొలుస్తారు. మలుపు అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, వీలైనంత దగ్గరి దారిన తొక్కుతారు. దూరం తగ్గకుండా వెయ్యింటికి ఒకటి చొప్పున కలుపుతారు, అంటే హాఫ్ మారథాన్‌కు 21 మీటర్లు. కాబట్టి ప్రతి మలుపులోనూ బయటి అంచు పట్టుకుని పరిగెత్తేవాళ్లు పందెం దూరం కన్నా ఎక్కువే పరిగెత్తుతారు.

ఈ కోర్సు కష్టమని దాన్ని మార్చమనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కుతుబ్ షాహీల చెరువు దగ్గర మొదలై ఈ శతాబ్దపు వంతెన దాటి పోయే దారి అది. నగరాన్ని ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నిర్వాహకులను కోరేది ఒక్కటే. బిబ్‌తో పాటు ఎత్తుపల్లాల గీతను కూడా పెద్ద అచ్చులో చేతికివ్వండి.

ఆగస్టు నెలాఖరు పందేనికి పేరిచ్చిన హోసూరు, కృష్ణగిరి మిత్రులారా, కాలువ గట్ల పరుగుల్లో వారానికి ఒకటి మానుకుని కృష్ణగిరి కోటకొండ ఎక్కండి. ఒక రోజు ముందే హైదరాబాదు చేరండి. పంజాగుట్ట నుంచి చెక్‌పోస్టు దాకా తీరిగ్గా నడవండి. తిరిగి రావడానికి చెక్‌పోస్టు దగ్గరే మెట్రో స్టేషన్ ఉంది, అమీర్‌పేటలో రైలు మారితే చాలు.