చల్లటి చాయ్ కొనేదెవరు?

మన ఇళ్లలో చల్లారిన చాయ్‌కి ఒకటే గతి... మళ్లీ పొయ్యెక్కడం. లేదంటే పెరట్లో మొక్క మొదట్లోకి పోవడం. వచ్చిన చుట్టానికి చల్లారిన చాయ్ ఇచ్చామంటే ఆ మాట పదేళ్లు వినాలి. అలాంటి చోట చాయ్‌ని చల్లబరిచి, సీసాలో పోసి, మూత బిగించి అమ్మాలనుకోవడం సాహసమే మరి!

ఆ సాహసం వనపర్తి జిల్లా అమరచింత దాకా రావడం కిందటి ఎండాకాలం మా మేనమామ హోటల్లో చూశాను. హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు బెంచీలు, ఒక గ్యాసు పొయ్యి, గాజు సీసాల్లో ఉస్మానియా బిస్కెట్లు. జూరాల ప్రాజెక్టుకు దగ్గరి ఊరు అమరచింత. గద్వాల రకం చీరలు నేసే మగ్గాలున్న ఊరు. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చున్న మనిషికి పూటకోసారి నడుం నిటారు చేసుకోవడానికి ఓ సాకు కావాలి. ఆ సాకు పేరు చాయ్. మా మామ ముప్పై ఏళ్ల బతుకు ఆ సాకు మీదే నడిచింది.

కానీ పాలమూరు ఎండలు తెలుసుగా. ఏప్రిల్ వచ్చిందంటే పదకొండు తర్వాత పొయ్యి దగ్గరికి ఎవరూ రారు. పాలు మిగులుతాయి, విరుగుతాయి. గ్యాసు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. ఆ రెండు నెలలూ అప్పు చేసి ఇల్లు నడిపిన ఏళ్లు మా అత్తకు వరసగా గుర్తు. అందుకే కూల్‌డ్రింకుల ఏజెంటు వచ్చి, ఫ్రిజ్ ఉచితంగా పెడతాం, మా సరుకే పెట్టాలి అన్నప్పుడు మామ కాదనలేకపోయాడు. కోలాలతో పాటు ఒక కేసు నిమ్మకాయ ఐస్‌టీ కూడా దింపి వెళ్లారు.

"ఇది గూడ చాయే అంటప్పా! మరి పాలేవి?" అన్నాడు మామ నాతో, సీసా ఎండకు పట్టి చూస్తూ.

ఆ ప్రశ్నలోనే సగం మార్కెట్ సర్వే ఉంది.

ఐస్‌టీ అమెరికాలో పాత అలవాటే. 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌లో వేడి టీ ఎవరూ కొనకపోతే ఐసు వేసి అమ్మారని, అలా అది పుట్టిందని ఒక కథ చెబుతారు. నిజానికి 1879 నాటి వంటల పుస్తకంలోనే దాన్ని చేసే విధానం ఉంది. ఆ కథ పుట్టుకకు పనికిరాకపోయినా ప్రచారానికి పనికొచ్చింది. ఎండాకాలం టీ కొట్టువాడి కష్టం ఎక్కడైనా ఒకటేనన్నమాట! ఇక సీసా వ్యాపారంలోకి పెద్ద కంపెనీలు దిగింది 1991లో. లిప్టన్‌తో పెప్సీ, నెస్లేతో కోకాకోలా జతకట్టాయి. జపాన్‌లో అయితే ఇటోఎన్ అనే కంపెనీ 1985లోనే గ్రీన్‌టీని డబ్బాలో పోసి అమ్మింది. అందులో చక్కెర పలుకు కూడా ఉండదు. జపాన్ వాళ్లు ఇంట్లో తాగేదీ అలాగే కాబట్టి డబ్బాలో ఉన్నది కూడా వాళ్లకు టీలాగే అనిపించింది. మనకలా కాదు. పాలు, చక్కెర, పొగలు... ఈ మూడింటిలో రెండు తీసేసి టీ అంటే నాలుక ఒప్పుకోదు.

వీటిలో నాకు నచ్చిన కథ 'హానెస్ట్ టీ'ది. 1998లో సెత్ గోల్డ్‌మన్, ఆయనకు యేల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన బ్యారీ నేల్‌బఫ్ కలిసి పెట్టారు. ఆ పేరు నేల్‌బఫ్‌కు తట్టింది భారతదేశంలో తేయాకు పరిశ్రమను చూసి వెళ్లాకే. గోల్డ్‌మన్ ఇంటి వంటగదిలో కాచి, ఫ్లాస్కుల్లో పోసి, వేరే కంపెనీ ఖాళీ సీసాకు తమ లేబుల్ అతికించి ఒక సూపర్‌మార్కెట్ వాళ్లకు రుచి చూపించారు. పదిహేను వేల సీసాలకు ఆర్డరొచ్చింది. 2008లో కోకాకోలా అందులో 40 శాతం వాటా కొంది, 2011లో మొత్తం కొనేసింది. 2022 చివరికి అమెరికాలో ఆ సీసా టీనే ఆపేసింది. విచిత్రం ఏమిటంటే 2023 నవంబరులో అదే పేరుతో, డార్జిలింగ్ దగ్గరి మకాయ్‌బారి తోట ఆకుతో, మన దేశంలో మొదలుపెట్టింది. అక్కడ ఆగిన బండి ఇక్కడ కదులుతుందా? నగరాల్లో, కుర్రకారు తిరిగే చోట కదలొచ్చు. అమరచింత బస్టాండు లెక్క వేరు.

మామ లెక్క చెబుతాను వినండి. చాయ్ పది రూపాయలు. ఐస్‌టీ సీసా ఖరీదుకు నాలుగు చాయ్‌లు వస్తాయి. సీసా మీద మిగిలేది కంపెనీ రాసిపెట్టిన కొద్ది రూపాయలే. చాయ్ మీద మిగిలేది మాత్రం ఎన్ని నీళ్లు, ఎన్ని పాలు అన్న ఆయన చేతివాటం మీద ఉంటుంది. పైగా కరెంటు బిల్లు ఆయనదే. అప్పు పెట్టి తాగే నేతన్న నాలుగు చాయ్‌ల డబ్బు ఒక్క గుక్కలో ఎందుకు పెడతాడు? దాహమైతే నిమ్మసోడా ఉంది, ఇంట్లో మజ్జిగ ఉంది. కోలా కొనేవాడు కూడా చుట్టాలొచ్చినప్పుడే కొంటాడు.

కేసులో ఇరవైనాలుగు సీసాల్లో తొమ్మిది అమ్ముడయ్యాయి. అందులో రెండు నేనే తాగాను. హైదరాబాద్ నుంచి సెలవులకొచ్చిన కాలేజీ పిల్లలు నాలుగు కొన్నారు. ఒక పెద్దాయన గుక్క తాగి, "సారా కాదుగద?" అని రంగు చూసి అనుమానపడ్డాడు. మరొకాయన ఏకంగా వేడి చేసివ్వమన్నాడు! మామ నిజంగానే గిన్నెలో పోసి వేడి చేశాడు. తాగినాయన ఏమీ అనలేదు గానీ, మళ్లీ అడగలేదు.

కొత్త కేసు దింపుతామంటే మామ వద్దన్నాడు. కోలాలు చాలన్నాడు. ఆ ఎండాకాలం మాత్రం అత్త అప్పు చేయలేదు. కారణం సీసాలు కాదు. ఫ్రిజ్‌లో కింది అరంతా పాల ప్యాకెట్లే, విరగడం లేదు. ఏజెంటు వచ్చేది మంగళవారం. ఆ రోజు పొద్దున్నే వాటిని తీసి పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టి వస్తారు.