గూడ్సు బండి

మా బాపు కాజీపేటలో రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. 2022 ఎండాకాలంలో అమ్మతో కలిసి పిట్స్‌బర్గ్ వచ్చాడు. పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం అయ్యాక, ఇంకేం చూస్తావు బాపూ అని అడిగితే "మంచి రైలు చూపియ్యి బిడ్డా" అన్నాడు. అందరం కారెక్కి ఆల్టూనా వెళ్ళాం. తూర్పున రెండు గంటల దారి. ఆ ఊరు రైల్వే వల్లే పుట్టింది, రైల్వే వల్లే పెరిగింది. పక్కనే కొండల్లో గుర్రపు లాడంలా వంగిన పట్టా ఉంటుంది. 1854 నుంచీ దాని మీద బళ్ళు నడుస్తూనే ఉన్నాయి. గడ్డిలో కూర్చుని బాపు మూడు గూడ్సు బళ్ళు చూశాడు. ప్రతిదానికీ వ్యాగన్లు లెక్కపెట్టాడు.

ఆ సాయంత్రం మా అబ్బాయి పట్టు మీద ఆ ఊళ్ళోనే బేస్‌బాల్ ఆటకి వెళ్ళాం. జట్టు పేరు కర్వ్. కొండల్లోని ఆ మలుపు పేరే పెట్టుకున్నారు, ఆటలో వంకర తిరిగే బంతికీ అదే పేరు. చిన్న స్టేడియం. కుడివైపు గోడ వెనకాల చెక్క రోలర్ కోస్టర్ కనిపించింది. ఆట మొదలవడానికి ఇంకా గంట టైముంది. మా ముందే, పిలిస్తే పలికేంత దూరంలో, ఒక షార్ట్‌స్టాప్ ప్రాక్టీసు చేస్తున్నాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ నడుమ నిలబడే ఇన్‌ఫీల్డర్ అన్నమాట. కోచ్ సన్నటి పొడుగు బ్యాట్‌తో నేల మీదుగా బంతులు కొడుతున్నాడు. వీడు నడుం వంచి, గ్లౌజు మట్టికి తాకించి, బంతి లోపల పడీ పడకముందే రెండో చేత్తో తీసి మొదటి బేస్‌కి విసురుతున్నాడు. ఇన్‌ఫీల్డర్ గ్లౌజు మిగతావాళ్ళ దానికన్నా చిన్నది. లోతుగా ఉంటే బంతి వెతుక్కోవాలి, ఆ అరక్షణంలో బ్యాటరు బేస్ చేరిపోతాడు.

బాపు చూస్తున్నది మాత్రం బంతిని కాదు, అతని కాళ్ళని. బంతి విసిరాక ప్రతిసారీ ఆ కుర్రాడు తన ముందున్న మట్టిని బూటుతో సాపు చేస్తున్నాడు. చిన్న రాయి దొరికితే ఏరి అవతల పారేస్తున్నాడు. రాయికి తగిలిన బంతి మొహం మీదికి లేస్తుందని మా వాడు తాతకి చెప్పాడు. "బండెక్కేముందు మేము ఇంజన్ చుట్టూ తిరిగి చూసుకున్నట్టే" అన్నాడు బాపు.

తర్వాత, ఏ నాన్నయినా అడిగే ప్రశ్నే అడిగాడు. "జీతమెంత ఇస్తరు బిడ్డా ఈ పిలగాళ్ళకు?"

చెప్పడానికి నాకు సిగ్గేసింది. ఆల్టూనా ఉన్నది మేజర్ లీగ్‌కి కింద ఉండే మైనర్ లీగ్‌లో, డబుల్ ఏ స్థాయిలో. అక్కడ అప్పటి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్లు. మా ఆఫీసులో చదువు పూర్తికాని ఇంటర్న్‌లకి కూడా నెలల లెక్కన చూస్తే ఇంతకన్నా ఎక్కువే ఇస్తారు. పైగా వీళ్ళకి కనీస వేతన చట్టం వర్తించదని 2018లో అమెరికా కాంగ్రెసే చట్టం చేసిపెట్టింది. వసంతకాలపు శిక్షణకైతే ఏళ్ళ తరబడి జీతమే లేదు. ఆటగాళ్ళు కోర్టుకెక్కితే, 2022లో మేజర్ లీగ్ 185 మిలియన్ డాలర్లకి రాజీకొచ్చింది. యూనియన్ ఏర్పడ్డాక, 2023 మార్చిలో డబుల్ ఏ జీతం 30,250కి పెరిగింది. అదే ఏడాది మేజర్ లీగ్‌లో కనీస జీతం 7,20,000. ఒకే ఆట, ఒకే మట్టి, మధ్యలో ఇంత అగాధం. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

మెట్లు ఎన్ని అని అడిగాడు బాపు. రూకీ, సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ, ఆపైన మేజర్ లీగ్ అని మా వాడు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. బాపు వెంటనే తన లెక్క చెప్పాడు: డీజిల్ అసిస్టెంట్, షంటర్, గూడ్స్ డ్రైవర్, ప్యాసింజర్ డ్రైవర్, మెయిల్ డ్రైవర్. "అంటే వీళ్ళు ఇంకా గూడ్సుల ఉన్నరు."

బాపు గూడ్సులో పదకొండేళ్ళు చేశాడు. రామగుండం బొగ్గు ఎక్కించుకుని బయల్దేరితే, వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే పక్కనున్న లూపు లైన్లో నిలబెట్టేసేవారు. ఎండలో ఇంజన్ కుతకుతలాడుతుంటే నాలుగేసి గంటలు. ఇంటికెప్పుడొస్తాడో అమ్మకి తెలిసేది కాదు. చిన్నప్పుడు నేననుకునేదాన్ని, ఆ ఏళ్ళన్నీ బాపు ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూశాడని. ఆ రోజు స్టేడియంలో ఆ మాటే పైకి అన్నాను. బాపు నా వైపు వింతగా చూశాడు. "ఎదురుచూసుడేంది? బండి నడిపిన."

మరుసటి ఏడు ఏప్రిల్లో ఈ మాట మళ్ళీ గుర్తొచ్చింది. ఆ ఆల్టూనా జట్టు నుంచే డ్రూ మ్యాగీ అనే ఇన్‌ఫీల్డర్‌ని మేజర్ లీగ్ జట్టయిన పిట్స్‌బర్గ్ పైరేట్స్ పైకి పిలిచారు. కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే 2010 డ్రాఫ్ట్‌లో 15వ రౌండులో ఈ పైరేట్సే అతన్ని తీసుకున్నారు. ఆ తర్వాత ఏంజెల్స్, డాడ్జర్స్, క్లీవ్‌లాండ్, ట్విన్స్, అందరి మైనర్ జట్లలోనూ ఆడాడు. రెండో బేస్, మూడో బేస్, షార్ట్‌స్టాప్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. 2020లో కోవిడ్ వల్ల మైనర్ లీగ్ సీజనే జరగలేదు. 2021 సెప్టెంబర్లో ట్విన్స్ పైకి పిలిచారు, మేజర్ లీగ్ యూనిఫాం వేసుకుని బెంచి మీద కూర్చున్నాడు, ఒక్క ఆటలోనూ దించకుండానే వెనక్కి పంపేశారు. పదమూడు సీజన్లు, 1,155 ఆటలు. ఇంకో మూడు వారాల్లో అతనికి 34 నిండుతాయి.

టీవీలూ పేపర్లూ అన్నీ ఎదురుచూపు ఎదురుచూపు అనే రాశాయి. నాకు మాత్రం ఆ 1,155 అంకె ఇంకోలా కనిపించింది. అన్నిసార్లు బూటుతో మట్టి సాపు చేసుకున్నాడు, అన్నిసార్లు నడుం వంచాడు.

ఏప్రిల్ 26, బుధవారం. మర్నాడు బడి ఉన్నా మా వాణ్ణి పడుకోమనలేదు. ఎదురుగా డాడ్జర్స్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, ఊరంతా ప్రాణం పెట్టే ఆండ్రూ మెకచెన్ స్థానంలో మ్యాగీని బ్యాటింగ్‌కి పంపారు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. చప్పట్లు ఆగవు. సోఫాలో కూర్చున్న మా వాడు కూడా ఎప్పుడు లేచాడో తెలీదు, నిలబడే ఉన్నాడు. మ్యాగీ స్ట్రైకౌట్ అయ్యాడు. మా వాడి కళ్ళు ఎర్రబడ్డాయి.

కాజీపేటలో అప్పుడు తెల్లవారింది. ఫోన్ చేసి బాపుకి అంతా చెప్పాను. అవుటయ్యాడన్న సంగతిని అసలు పట్టించుకోలేదు. "మల్ల డ్యూటీ ఎప్పుడు ఏసిన్రు?" అన్నాడు.

శనివారం వాషింగ్టన్‌లో వేశారు. అక్కడే మొదటి హిట్ కొట్టాడు. మా వాడే తాతకి ఫోన్ చేసి, బంతి ఎటు పోయిందో, ఎవరు పరుగెత్తారో చేతులూపుతూ వివరించాడు, తాతకి కనిపిస్తున్నట్టే.

కొద్ది రోజులకే మ్యాగీని మళ్ళీ మైనర్స్‌కి పంపేశారు. బాపుకి చెప్పాలనిపించలేదు. వారం పోయాక ఆయనే అడిగితే దాచలేక చెప్పాను. కాసేపు ఊరుకున్నాడు.

"మల్ల గూడ్సుకా" అన్నాడు. "ఏం కాదు తియ్. ఆ లైనుల ప్రతి సిగ్నలు ఎరికైనోడే."